మింగేసిన మైసెల్ఫ్

రేపు ఆయనకి తను పనిచేసే కంపెనీలోనే మేనేజరు పోస్టుకి ఇంటర్వ్యూ. ఇంగ్లీషు టీచరైన భార్య కళ్ళజోడు సవరించుకుని, మంచం మీద పెద్ద ఆఫీసరులా కూర్చుంది. ఆయన బనియన్ మీదే టై బిగించి ఎదురుగా నిలబడ్డాడు.

"చెప్పండి, మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?"

"ఐ కమిట్ టు ద కంపెనీ, సార్."

"మళ్ళీ మింగేశారు. ఐ కమిట్ మైసెల్ఫ్. డివోట్ అన్నా, డెడికేట్ అన్నా అంతే. ఏమిస్తున్నారో చెప్పాలి కదండీ."

"ఏమిస్తున్నాను?"

"మిమ్మల్నే. నన్ను నేను అప్పజెప్పుకుంటున్నానని."

"ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది అదేగా! మళ్ళీ వేరే చెప్పాలా?"

"ఆ సంగతి నాకు తెలుసు. వాళ్ళకి తెలియాలిగా."

అనేసి ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆయన చూపు మాత్రం గోడ గడియారం మీదే ఉంది.

"ఈ పోస్టొస్తే ఆదివారాలు కూడా వెళ్ళాల్సొస్తుందేమో."

"వెళ్దురుగాని. ముందు ఈ ఒక్క వాక్యం కానివ్వండి."

"ఐ కమిట్ మైసెల్ఫ్..."

"గడియారానికి చెబుతారేంటి? ఎదుటి మనిషి కళ్ళల్లోకి చూసి చెప్పాలి."

ఆయన కుర్చీ లాక్కుని ఆమెకి దగ్గరగా కూర్చున్నాడు. ఆమె కళ్ళల్లోకి చూస్తూ, ఒక్కో మాటా ఒత్తి పలికాడు.

"ఐ కమిట్ మైసెల్ఫ్."

ఆమె చేతిలోని కళ్ళజోడు పక్కన పెట్టేసింది.

"ఏంటి, మళ్ళీ తప్పు చెప్పానా?"

"లేదండీ, తప్పేం లేదు. ఇంకొక్కసారి చెప్పండి."