ముందుగదికి రంగు

గుండె ఆపరేషన్ అయ్యాక అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో ఒక ముసలాయన లాబ్‌స్టర్లనే పెద్ద సముద్రపు రొయ్యల వేట మానేశాడు. ఒకరోజు కునుకు తీసి లేచేసరికి భార్య ముందుగదికి నీలం రంగు వేస్తోంది.

“ఈ గవ్వలేంటి, గోడకు ఆ తెడ్లేంటి? ఇది ఇల్లా, పడవా?”

“వేసవికొచ్చే పట్నంవాళ్ల ఇళ్లన్నీ ఇలాగే ఉంటున్నాయయ్యా.”

“వాళ్లు సముద్రాన్ని చూసిపోతారు. నేను వయసంతా దాంతో వేగాను. ఇంట్లోనైనా వదిలెయ్యవే.”

“నువ్వు వదిలావా? డాక్టరు పడవెక్కొద్దన్న దగ్గర్నుంచి ఆ కిటికీ ముందునుంచి కదిలావా?”

ఆయన గోడమీది తెడ్డును తడిమి చూశాడు.

“నాకోసమా ఇదంతా?”

“మరి నాకోసమా? నాకు చేపల వాసనే పడదు.”

“అయితే ఈ నీలం తప్పు. మన సముద్రం బూడిదరంగులో ఉంటుంది. కుంచె ఇటివ్వు.”