దిగుడులో వణికే సైకిల్

అన్న సొంతంగా తయారుచేసిన రేసు సైకిల్ మీద కొండ ఎక్కి దిగి, చెల్లెలు షెడ్డులోకి వచ్చింది. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టింది.

“ఎలా ఉందే?”

“ఎక్కేటప్పుడు ఈకలా ఉంది. దిగేటప్పుడు హ్యాండిల్ ఊగిపోతోంది, అన్నయ్యా.”

“గట్టిగా పట్టుకోవాలి మరి.”

“పట్టుకున్నా. బరువు తగ్గించాలని ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు మరీ పల్చన చేశావు.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది! ఆదివారం పోటీకి దీని మీదే వెళ్తున్నావు. అందరికీ చెప్పేశాను.”

“వెళ్ళను. నా పాత సైకిలే చాలు.”

“మరి నా పరువేం కావాలి?”

“అంత నమ్మకముంటే నువ్వెక్కి ఒక్కసారి కొండ దిగు, చూస్తా.”

“నాకు పెళ్ళాం పిల్లలున్నారే!”

“నాకూ అన్నయ్య ఉన్నాడనుకున్నా.”