ఆరు సెకన్ల కారు

నా పేరు రామసుబ్బమ్మ. కీర్తిశేషులు నరసింహ గారి భార్యను. వయసు యాభై తొమ్మిది. కోసిగి మండలంలోని మా ఊళ్ళోనే కాపురం, సేద్యం చేయిస్తాను. చదువు లేదు, అంకెలు తెలుసు. ఈ రోజు 2025 డిసెంబరు 11న ఆదోనిలో మెజిస్ట్రేటు గారి ముందు నా అంతట నేను చెబుతున్నాను. నన్ను ఎవరూ తీసుకురాలేదు. మా ఇంట్లో కారు ఉంది. నేను బస్సులో వచ్చాను.

కారు నడిపింది నా కొడుకు నవీన్. వయసు ముప్పై ఒకటి, కంకర కాంట్రాక్టులు చేస్తాడు. దెబ్బ తగిలింది సుంకన్నకు. సుంకన్న మా పొలంలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాడు. మిరపకోతల కాలంలో మాత్రం భార్యతో కలిసి గుంటూరు వైపు పోయి వస్తాడు. సుంకన్న తాగి వచ్చి కారు ముందు పడ్డాడని నవీన్ తరఫు వకీలు ఒక కాగితం రాయించాడు. దాని మీద నా వేలిముద్ర అడిగాడు. నేను వేయలేదు. ఆ కాగితం నిలబడితే కాలు పోయిన మనిషిదే తప్పవుతుంది. అది అబద్ధమని చెప్పడానికే వచ్చాను.

ముందు కారు సంగతి చెప్పాలి. మాకు బొలెరో ఉండేది. విత్తనాలు, ఎరువులు, మనుషులు, అన్నీ అందులోనే పోయేవి. దాన్ని ఇచ్చేసి ఈ కారు కొన్నాడు. దాని పేరు నాకు నోరు తిరగదు. చూస్తే చిన్న కారే, వెనక డిక్కీ కోసేసినట్టు ఉంటుంది. ఆ ధరకు పెద్ద కార్లు రెండు వస్తాయని మా వాళ్ళందరూ అన్నారు. “ఇది హాట్ హ్యాచ్ మా. చూసేదానికే చిన్నది. ఆరు సెకన్లలో వంద పోతాది” అన్నాడు నవీన్. మన ఊరి దారిలో వంద మీద పోయి యాడ తగులుకుంటావురా అని అడిగాను. నవ్వాడు. ఎనిమిది నెలల ముందే బుక్ చేసుకుని రోజూ ఫోనులో దాని బొమ్మ చూసుకునేవాడు. ఆ ఎనిమిది నెలలూ నాకు సరిగ్గా నిద్ర లేదు. వీడు దీంట్లోనే చస్తాడని భయం.

నవంబరు 12న బెంగళూరు షోరూములో కారు ఇచ్చారు. దాని మీద ఎర్రగుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ లాగినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, కేకు కోశారు. నా కోడలు హర్షిణి మొదటి ముక్క కారు ముందు భాగానికి ఆనించి, దానికి తినిపిస్తున్నట్టు ఫోటో తీయించుకుంది. ఇనుముకు తిండి పెట్టడం నేను అక్కడే చూశాను. నాకు అసహ్యం వేసింది.

ఆ కారులోకి గుంతలోకి దిగినట్టు దిగాలి. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగాలి. మా ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఉంది. కారు అడుగు దానికి తగులుతుందని నన్ను దించాడు. “నువ్వు దిగితే బరువు తగ్గుతాది మా, నాలుగడుగులు నడువు” అన్నాడు. నా కొడుకు కొత్త కారు వెనక నేను నడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చాను. ఆ కారు సైలెన్సరులో పటాసులు పేలినట్టు శబ్దం వస్తుంది. చెడిపోయి కాదట, ఆ శబ్దం కోసమే కొనుక్కుంటారట.

14వ తేదీ శుక్రవారం పూజ పెట్టుకున్నాం. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో రోడ్డు పక్కన ఆంజనేయస్వామి గుడి ఉంది, అక్కడ. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది, పన్నెండు దాకా ఉంటుంది. అందుకని పదిన్నర లోపల నిమ్మకాయలు తొక్కించి బండి కదిలించాలని పూజారి వీరభద్ర చెప్పాడు. అటునుంచి అటే మంత్రాలయం పోవాలని అనుకున్నాం. అక్కడ ఉన్నది మేము ముగ్గురం, పూజారి, సుంకన్న, వాడికి తోడుగా వచ్చిన ఏసన్న. వాళ్ళిద్దరూ ఏసన్న మోటారుసైకిలు మీద వచ్చారు. వేరే బండి లేదు.

సుంకన్నను స్నానం చేసి, ఏమీ తినకుండా రమ్మని ముందు రోజే చెప్పాను. కార్తీక మాసం. వాడు అలాగే వచ్చాడు. టీ ఇస్తే కూడా తాగలేదు, పూజ కానీమ్మా అన్నాడు. తాగాడని రాసిన వాళ్ళు ఈ సంగతి నన్ను అడగలేదు.

నేను బొటనవేలితో కారుకు కుంకుమ పెట్టాను. సుంకన్న గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. తల్లి మొదట ఎక్కాలని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. హర్షిణి డ్రైవరు వైపు రోడ్డు మీద నిలబడి ఫోను పట్టుకుంది. “మెల్లగా పోతే ఏం బాగుంటాది, నిమ్మకాయలు ఎగిరిపోవల్ల” అంది. నవీన్ ఏదో మీట నొక్కాడు. ఎడమ కాలు బ్రేకు మీద, కుడి కాలు యాక్సిలరేటరు మీద పెట్టి రెండూ ఒకేసారి అదిమాడు. నేను వాడి పక్కనే ఉన్నాను. రెండు కాళ్ళూ చూశాను. కారు ఉన్నచోటే ఉండి వణికింది, బ్రేకు వదిలితే ఒక్కసారిగా ముందుకు దూకేటట్టు.

నా వైపు ముందు చక్రం కింద నిమ్మకాయ పక్కకు దొర్లిందని పూజారి చెప్పాడు. నవీన్ కాళ్ళు వదులు చేసి, అద్దం దించి, “ఏమప్పా సుంకన్నా, ఎడమ పక్క నిమ్మకాయ జరిగిందంట, సరిగ్గా పెట్టు” అన్నాడు. పిలిచింది వాడే. సుంకన్న వచ్చి వంగాడు. నవీన్ అద్దం ఎక్కించి ఫోను వైపు తిరిగాడు, మళ్ళీ రెండు కాళ్ళూ అదిమాడు. హర్షిణి బొటనవేలు ఎత్తి చూపింది. ఆమె నిలబడిన చోటికి సుంకన్న కనబడడు. నాకు వాడి తలగుడ్డ కనబడుతోంది. చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోపల నవీన్ బ్రేకు వదిలేశాడు. కారులో గడియారం పెద్ద అంకెల్లో ఉంటుంది. 10.28.

సుంకన్న కుడి కాలు మోకాలి కింద నలిగిపోయింది. దిష్టి గుమ్మడికాయలో కుంకుమ నీళ్ళు, రక్తం ఒకేచోట కలిసిపోయాయి. ఏసన్న వాడి తలగుడ్డ తీసి గట్టిగా కట్టాడు. “108కు ఫోన్ చేస్తాండా” అన్నాడు. నవీన్ ఆ ఫోను లాక్కున్నాడు. “పోలీసు కేసయితాది, ఆగప్పా” అన్నాడు. “అయితే ఈ కార్లోనే ఎక్కించు, అరగంటలో ఆదోనిలో ఉంటాం” అని ఏసన్న వెనక తలుపు తీశాడు.

అప్పుడు ఒకరు వద్దన్నారు. ఎవరన్నారో వకీలు కాగితంలో లేదు. నేనే అన్నాను. “రాహుకాలం వచ్చిండాది. కొత్త బండి, మొదటిసారే రక్తంతో కదిలితే నా కొడుకు దక్కడు. పన్నెండు దాకా కదిలించొద్దు” అన్నాను. నవీన్ నా మాట వినే కొడుకు కాదు. కారు వద్దంటే వినలేదు, బొలెరో ఉంచరా అంటే వినలేదు. ఆ ఒక్క మాట మాత్రం విన్నాడు. తలుపు మూసేశాడు.

ఏసన్న సుంకన్న ముఖం చూశాడు. సుంకన్న కింద పడుకునే, “అమ్మ చెప్పింది నిజమేలేప్పా. ఆటో పిల్చకరాపో” అన్నాడు. కారులో రానన్నది వాడేనని వకీలు ఇప్పుడు అంటున్నాడు. అయ్యా, పదకొండేళ్లలో నేను చెప్పినదానికి వాడు ఎన్నడూ కాదనలేదు. దాన్ని వాడి ఇష్టమని రాయకండి.

ఏసన్న పోయి లగేజీ ఆటో తెచ్చేసరికి 11.15. అప్పటిదాకా నేను సుంకన్న తల దగ్గర కూర్చుని నీళ్ళు పట్టాను. నవీన్ గుడి బోరు నీళ్ళతో కారు కడిగాడు. చక్రం సందుల్లో గుడ్డ పెట్టి, వేలితో తోమి కడిగాడు. ఆటో ఆదోని చేరింది 12.20కి అని ఏసన్న చెప్పాడు. మా కారుకు ఆరు సెకన్లలో వంద.

కారు 12.05కి కదిలింది. ఆదోని వైపు కాదు, మంత్రాలయం వైపు. నేను కూడా ఎక్కాను. అది కూడా రాసుకోండి. దర్శనం చేసుకున్నాను. అన్నం తిన్నాను, రెండోసారి సాంబారు పోయించుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

16వ తేదీన కర్నూలు పెద్దాసుపత్రిలో సుంకన్న కాలు తీసేశారు. గంట ముందు తెచ్చి ఉంటే కాలు నిలిపే ప్రయత్నం చేసేవాళ్ళమని డాక్టరు ఏసన్నతో అన్నాడట. నేను చూడడానికి పోతే సుంకన్న భార్య ఉన్న ఒక్క స్టూలు నాకే వేసింది, “కూర్చోమ్మా” అంది. తను నేల మీద కూర్చుంది. “ఈసారి మిరపకోతలకు నేనొక్కదాన్నే పోవల్ల” అని మాత్రం అంది. నన్ను ఒక్క మాట తిట్టలేదు.

హర్షిణి ఆ వీడియోను కుడి వైపు నిమ్మకాయ చితికే దాకా కత్తిరించి ఫోనులో పెట్టింది. నాలుగు వేల మంది మెచ్చుకున్నారట. మిగతాది తుడిచేశానంటోంది. ఫోను తెప్పించి చూడండి. కారు మా వాకిట్లో రేకుల కింద ఉంది. నవీన్ రోజూ తుడుస్తాడు. ఎవరిదో దిష్టి తగిలింది, ఇంకోసారి పూజ చేయించమని నన్నే అడుగుతున్నాడు.

రాసింది నాకు చదివి వినిపించారు. రాహుకాలం మాట కేసుకు అవసరం లేదేమో, తీసేయమంటారా అని అడిగారు. వద్దన్నాను. సుంకన్నను కారు కింద పడేసింది నా కొడుకు, నలభై ఏడు నిమిషాలు రోడ్డు మీద పడుకోబెట్టింది నేను. సుంకన్న తాగలేదు. ఇందులో నేను చూడనిది, అననిది ఒక్క మాట కూడా చేర్చలేదు. ఏసన్న చెప్పినవి ఏసన్న చెప్పాడనే చెప్పాను. ఎవరి బలవంతమూ లేదు. నేను చెప్పినవన్నీ ఇందులో ఉన్నాయని తెలిసి, ఆ రోజు కారుకు కుంకుమ పెట్టిన వేలితోనే ముద్ర వేస్తున్నాను.

రామసుబ్బమ్మ, కుడి చేతి బొటనవేలి ముద్ర.