మాణిక్యమ్మ తిన్న ఎండు బ్రెడ్డు

మాణిక్యమ్మ నోరు బిగించేసింది పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఆగస్టు పద్నాలుగు, బుధవారం నాడంట. తెల్లారిందగ్గర్నుంచీ ముసురు, ఎండ పొడ లేదు. తారీకు లేని మాట పుకారని మా కాలేజీ చరిత్ర మేష్టారనేవాడులెండి, అందుకని చెప్పాను. ఆవిడకి చలిజ్వరం తగ్గి నాలుగు రోజులు. జ్వరమైతే పోయింది గానీ ముద్ద లోపలికి పోవడం లేదు. కాంపౌండరు సోమలింగం నాడి చూసి, కోడలు అచ్చాయమ్మని వసారాలోకి పిలిచి, ఏం పెట్టినా పరవాలేదు, ఏదో ఒకటి తినిపించమ్మా, ఇంకో రెండ్రోజులిలా ఉంటే జ్వరం చంపనిది నీరసం చంపుతుంది అన్నాడంట.

వాళ్ళ ఊరి ఆచారమేంటంటే, జ్వరపడ్డ మనిషిని చూడ్డానికి వట్టి చేతుల్తో వెళ్ళకూడదు. బస్సు ఆగేచోట బ్రెడ్డు కొనుక్కుని వెళ్ళాలి. బాగున్నవాడెవడూ దాన్ని ముట్టడనుకోండి! అలా పదకొండు చేరాయి. అచ్చాయమ్మ పాలల్లో నానబెట్టి చెంచాతో పెడితే ముసలావిడ గోడవైపు తిరిగిపోయేదంట. ఒక్క ముద్ద అత్తయ్యా అంటే, "పోవే! మీ మావగారికీ ఇలాగే పాలల్లో ముంచి పెట్టాను. ఆఖరి ముద్ద అదే అయింది. ఊరంతా మోసుకొస్తున్నారంటే నా సంగతి తేలిపోయిందన్నమాటేగా" అందంట. జావ తెచ్చినా, గంజి తెచ్చినా అందులో బ్రెడ్డు కలిపారని అనుమానమే. ఏం చేస్తుందా పిల్ల?

అప్పుడేమైందంటే, అచ్చాయమ్మకి పొద్దుట్నుంచీ ఎంగిలి పడలేదు. తిండి పారెయ్యడమంటే చేతులు రావు. బూజు పట్టినవి తీసేసి, ఊరికే ఎండి ఇటకలా అయినదాన్ని ముక్కలు చేసి, పుల్ల మజ్జిగ చిలకరించి కాసేపు ఉంచింది. మూకుట్లో నూనె పోసి, ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, పచ్చిమిరపకాయలు, ఇన్ని ఉల్లిపాయలు, చిటికెడు పసుపు వేసి, ఆ ముక్కల్ని అంచులు కరకరలాడేదాకా తిప్పింది. ఆ పోపు ఘాటు మంచందాకా వెళ్ళింది. వెళ్ళదా మరి!

"అచ్చాయమ్మా! నన్ను పస్తు పడుకోబెట్టి నువ్వేం వేయించుకు తింటున్నావే?"

"మీరు తినరు కదత్తయ్యా."

"తిననని ఎవతె చెప్పింది? పట్రా ఇటు!"

తెచ్చిందే గానీ అచ్చాయమ్మ గిన్నె చటుక్కున చేతికివ్వలేదు. ఇదేమిటో పోల్చుకుందా, ఇక తన చేతి మంచినీళ్ళు కూడా ముట్టదు. ముసలావిడ ఒకటి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకోటి వేసుకుంది. ఇంకోటి. చివరికి, "ఉప్పు తక్కువేశావే" అంది. ఆ మాట వినేసరికి అచ్చాయమ్మ నేలమీద కూలబడి ఏడ్చేసిందంట. వంకలు పెడుతోందంటే అత్త బతికినట్టే కదా!

"ఏడుపెందుకే? ఏవిటిది?"

"బ్రెడ్డత్తయ్యా."

ముసలావిడ నమలడం ఆపింది. "మరి మీ మావగారికిలా చేసి పెట్టలేదేమే?"

"అప్పటికి నేనింకా కాపరానికి రాలేదు కదత్తయ్యా."

"అయితే తప్పు నాదేలే" అని, కళ్ళు తుడుచుకుని, "ఇంకో గరిటె వెయ్యి" అందంట.

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. పోతూ పోతూ కాసులపేరు అచ్చాయమ్మకి, కొబ్బరితోట కొడుక్కి, చూడిగేదె కాంపౌండరుకి రాయించింది. ఏదో ఒకటి వస్తుందని ఆ పదకొండేళ్ళూ అరుగు మీద కాచుక్కూచున్న ఆవిడ తమ్ముడు గవర్రాజుకి మాత్రం ఏమీ లేదు. వీలునామా మీద సాక్షి సంతకం మాత్రం ఆయనచేతే పెట్టించింది. ఏమీ రానివాడే మంచి సాక్షంట, ప్లీడరు చెప్పాడు.