ఐదు లెక్కపెట్టేలోపు

అలా చూడకు నా వంక! అవును, మొదటి వాయి పచ్చిగానే దిగింది. ఒప్పుకుంటున్నాగా? ఫొటోలోకి వెళ్ళినా ఆ మూతివిరుపు మాత్రం పోలేదే నీకు!

ఊరందరి మోటార్లూ మిక్సీలూ బాగుచేసే ఎలక్ట్రీషియన్ని. చేపల్ని పొగబెట్టే నీ కరెంటు పెట్టెకి టెంపరేచర్ కంట్రోలర్ బిగించడానికి మూడు చెరువుల నీళ్ళు తాగాను. నవ్వుకో. సెన్సర్ తీసుకెళ్ళి హీటర్ పక్కనే పెట్టా. హీటర్ కాస్త వేడెక్కగానే అది, చాలు చాలు అని కరెంటు ఆపేసింది. పైన జల్లెడ మీద చేపలు చల్లగా పడుకున్నాయి. నువ్వైతే ఎంత మాట అనేదానివి!

సరే, సెన్సర్ని పైకి, చేపల పక్కకి మార్చా. మరి ఎంతకి పెట్టాలి? ఎప్పుడైనా ఒక అంకె చెప్పి చచ్చావా? ఛ, నా నోరు పడిపోను.

పదకొండేళ్ళూ నీదంతా చేతిలెక్కే కదా. మూత మీద అరచెయ్యి ఆనించి, ఐదు లెక్కపెట్టేలోపే చురుక్కుమంటే స్విచ్ ఆపడం. ఐదు దాటినా ఓర్చుకోగలిగితే మళ్ళీ వెయ్యడం. రోజంతా అదే పని. ఆ పీట దిగితే ఒట్టు!

నేనూ అలాగే చెయ్యి పెట్టి, ఐదు లెక్కపెట్టి, అంకె చూసుకున్నా. రెండో వాయి బొగ్గు! వైర్లు లాగీ లాగీ నా చేతులు మొద్దుబారాయే. వాటికి వేడేం తెలిసి ఛస్తుంది?

చివరికి అమ్మాయిని పిలిచా. దానిది నీ చెయ్యే కదా. మూత మీద ఆనించి ఒకటి, రెండు అంటుంటే నీ గొంతే విన్నట్టుంది. నేను గోడవైపు తిరిగి నించున్నా. సరిగ్గా ఐదు దగ్గర లాగేసుకుంది. డెబ్బై ఎనిమిది. అదీ నీ అంకె.

ఇవాళ దానికి పెట్టేసి, వీధి చివరికి పోయి టీ తాగొచ్చా. అదే టిక్కుమని ఆగుతోంది, అదే వెలుగుతోంది. చేపలు బంగారంలా దిగాయి. పక్కన మనిషక్కర్లేదు.

ఈ తిప్పలన్నీ పక్కనపెడితే, అసలు బిగించడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా? గంట. అంతే. ఒక్క గంట.

ఆ రోజు పొద్దున ఛాతీ పట్టేసినట్టుందన్నావు. ఆసుపత్రికి పోదామంటే, "పెట్టెలో చేపలున్నాయండీ, వదిలేస్తే మాడిపోతాయి. మధ్యాహ్నం వెళ్దాం" అన్నావు. నేనూ సరేనని పనికి పోయా! మొగుణ్ణేనా నేను? వచ్చేసరికి పీట పక్కన పడి ఉన్నావు. స్విచ్ మాత్రం ఆపే ఉంది. చేప ఒక్కటీ మాడలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడంటారు అందరూ. అననీ. వాళ్ళకి తెలిసింది సగమే.

నీకూ తెలీదు. ఈ కంట్రోలర్ బజార్లో దొరకట్లేదని రెండేళ్ళు చెప్పుకొచ్చానే, అబద్ధం. తెచ్చాను. నీకోసమే తెచ్చాను. గుడ్లు పొదిగించే పెట్టె ఆసామి వచ్చి తొందరపెట్టాడు. నువ్వు ఇంట్లో మనిషివి, ఆగుతావులే అనుకున్నా. తీసుకెళ్ళి ఆయనకి బిగించేశా.

నిన్న వీధిలో కనబడ్డాడు. నా రెండు చేతులూ పట్టుకుని ఒకటే పొగడ్త. ఆ విడత కోడిపిల్లలన్నీ బతికాయట. ఒక్కటంటే ఒక్కటీ పోలేదట.