దమర్ కార్డులో తట్టు టీకా

జావా దీవిలోని ఒక పల్లెలో పిల్లల్ని తూచి, టీకాలు వేయించే రోజు ముగిసింది. తల్లులంతా వెళ్లిపోయాక, పదకొండేళ్లుగా జీతం లేకుండా ఆ పని చేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు పెసల జావ గిన్నెలు కడుగుతున్నారు.

"నీ కొడుకు దమర్‌కి తట్టు టీకా ఎప్పుడు వేయించావే?"

"కార్డులో ఉందిగా, అక్కా."

"ఉంది. ఆ తారీఖున వరదకి వంతెన మునిగి, నర్సమ్మ ఊళ్లోకే రాలేదు."

చిన్నామె చేతిలో గిన్నె ఆగింది.

"మా ఆయన వద్దన్నాడక్కా. కార్డులో నేనే రాసేశాను."

"'నా కొడుక్కి వేయించా, ఏమైంది?' అని ఇల్లిల్లూ తిరిగి చెప్పావు. నీ మాటే చెప్పుకుంటూ నేనూ నలభై గడపలెక్కాను."

"వాళ్ల పిల్లలకి మేలేగా జరిగింది!"

"మరి నా మనవరాలికి? దానికి ఏడు నెలలే, టీకా వయసింకా రాలేదు. పోయిన నెల తూకం రోజున ఒంటినిండా దద్దుర్లున్న నీ వాణ్ని తెచ్చి దాని పక్కన కూర్చోబెట్టావు. చెమటకాయలన్నావు. దానికీ తట్టు సోకింది. కుడికన్ను ఇక కనబడదని నిన్న డాక్టరు చెప్పాడు."

"అయ్యో అక్కా! ఒట్టు, చెమటకాయలే అనుకున్నా."

"తట్టు ఎలా ఉంటుందో తల్లులకి బొమ్మలు చూపించి చెప్పేది నువ్వేనే."

చిన్నామె గిన్నె పక్కన పెట్టింది.

"ఊళ్లో చెప్పేస్తావా?"

"ఎలా చెప్పను? చెబితే రేపు ఒక్క తల్లీ బిడ్డని సూదికి తీసుకురాదు. నా పిల్ల కన్ను పోగొట్టిన నీ అబద్ధాన్ని ఇక నేనూ మోయాలి."