అమ్మ చదవని పేజీ

చొక్కాల ఫ్యాక్టరీ నుంచి తల్లి అప్పుడే ఇంటికొచ్చింది. చూపులేని కూతురు కాలేజీ సంచి భుజం మీంచి దించకుండా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ముందు ఆ సంచి దించు, తర్వాత మాట్లాడు. ఎవరేమన్నారు?"

"నువ్వు ముందు చెప్పమ్మా. ఆ పుస్తకం మొత్తం చదివావా, లేదా?"

"చదివాను కదే. రోజూ భోజనాల గంటలో, కాలర్ మిషన్ పక్కన కూర్చుని, ఫోన్లో రికార్డు చేసి మరీ ఇచ్చాను."

"తొమ్మిదో అధ్యాయం?"

"అదీ చదివాను. టీ పెట్టనా?"

"టీ వద్దు. అందులో తమ్ముడు ఏమయ్యాడు?"

"ఏ తమ్ముడు?"

"అమ్మా! రాసినావిడ తమ్ముడు. నాజీల క్యాంపులో రైలు దింపి వరసలో నిలబెట్టారే, ఆ నాలుగేళ్ళ పిల్లాడు."

"ఆఁ... దొరికాడుగా. లారీ కింద దాక్కున్నాడు. యుద్ధం అయ్యాక స్టేషన్లో అక్కకి దొరికాడు."

"అదే రాశాను పరీక్షలో. ఎక్కడ చదివావని మేడమ్ లేపి అడిగింది. పుస్తకంలోనే ఉంది, మా అమ్మ చదివిందని గొంతు చించుకున్నాను. క్లాసందరి ముందూ నీ రికార్డింగు పెట్టి వినిపించాను."

"అయ్యో."

"ఎవరూ నవ్వలేదమ్మా. నవ్వినా బాగుండేది. మేడమ్ పుస్తకం తీసి, మళ్ళీ మూసేసి, 'వాడు బతకలేదు. ఆ పేజీ మీ అమ్మనే చదవమను' అంది."

"పేజీలు అంటుకుపోయుంటాయి. లైబ్రరీ పుస్తకం కదా, పాతది..."

"అంటుకుపోతే ఆ లారీ, ఆ స్టేషను ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"చిన్నపిల్లవి, భయపడతావని..."

"నాకు పంతొమ్మిదేళ్ళు! చలికి కాలివేళ్ళు రాలిపోవడం చదివావు. రొట్టెముక్క కోసం తండ్రీ కొడుకూ కొట్టుకోవడం చదివావు. అప్పుడు రాని భయం ఈ ఒక్క పేజీకే వచ్చిందా?"

"తప్పయిందిలే. మార్కులు తగ్గితే..."

"మార్కులు పోతే పోనీ. అసలివేవీ జరగలేదని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారట. అందుకే కదా ఆవిడ డెబ్బయ్యేళ్ళప్పుడు అన్నీ గుర్తుచేసుకుని రాసింది! నువ్వు ఆవిడ తమ్ముణ్ణి బతికించలేదమ్మా. వాడు చచ్చిపోయాడన్న నిజం కూడా ఆవిడ దగ్గర్నుంచి లాక్కున్నావు."

"అంత మాటనకే."

"అయితే ఇదిగో పుస్తకం, చదువు. ఇప్పుడే."

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో..."

"నీ మెడలోనే ఉంటుంది."

"సరే, ఉండు... 'పిల్లలున్న ఆడవాళ్ళని ఎడమ పక్కకి తోస్తున్నారు. నాకు పద్నాలుగేళ్ళు. చారల బట్టల ఖైదీ ఒకడు పెదవి కదపకుండా, పిల్లాణ్ణి ఆ ముసలమ్మకిచ్చెయ్, నీకు పద్దెనిమిదని చెప్పు అన్నాడు. తమ్ముడు నా చెయ్యి వదలడం లేదు. వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను.' చాలే తల్లీ, ఇంక..."

"ఆపకు."

"'ఎడమ పక్కకి వెళ్ళినవాళ్ళని ఆ మధ్యాహ్నమే గ్యాస్ గదిలో చంపేశారు. యూదులుగా పుట్టారు, అంతే. ఆ పక్కన ఏముందో నాకు తెలీదు. తెలిసుంటే వాణ్ణి వదిలేదాన్ని కాదు.'"

"అమ్మా? ఏడుస్తున్నావా?"

"ఆవిడకి తెలీదే. పాపం, ఆవిడకి తెలీదు. నాకు తెలుసు."

"నీకేం తెలుసు?"

"అక్కడ మనుషులు కావాలని చేశారు. మనింట్లో ఒట్టి నిప్పు. రెండూ ఒకటని నేననను. ఆ ముక్క నా నోరు దాటి రాలేదు, అంతే. పిల్లాడు దొరికాడని చదివేశాను. చదువుతుంటే ఆ కాసేపూ ఎంత బాగుందో."

"నిప్పంటే నా కళ్ళు పోయినప్పటిదా? మూడో అంతస్తు నుంచి నిచ్చెన మీద నన్నెత్తుకుని దిగావని చెప్పావుగా."

"దిగాను. నిచ్చెన పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. రెండో చేత్తో ఒక్కరినే ఎత్తుకోగలను. మళ్ళీ పైకెక్కే టైముండదని తెలుసు. తెలిసే దిగాను."

"ఒక్కరినేంటమ్మా? ఉన్నదే మనిద్దరం."

"ముగ్గురం. 'ముందు చెల్లిని తీసుకెళ్ళమ్మా, నేను పెద్దవాణ్ణిగా' అన్నాడు. వాడికి ఆరేళ్ళు."